తోక ఊపుడు: ఒక ఆదివారం బల్ల మీద

ఆదివారం. గాలి లేదు, ఎండ ముదరలేదు, ఎగరేయడానికి ఇంతకన్నా మంచి పొద్దు దొరకదు. కానీ మొదటి బ్యాటరీకే హోవర్‌లో, అంటే గాల్లో ఒకే చోట నిలిపినప్పుడు, రిమోట్ హెలికాప్టర్ తోక ఊపడం మొదలైంది కాబట్టి రోజంతా బల్ల మీదే గడిచింది. మోడల్ 600 సైజు ఎలక్ట్రిక్, తోకకి బెల్టు డ్రైవ్, డిజిటల్ సర్వో (పుష్‌రాడ్‌ని తోసి తోక బ్లేడ్ల కోణం మార్చే చిన్న మోటారు), హెడ్డింగ్ హోల్డ్ గైరో (తోక తిరుగుడు పసిగట్టి, ముక్కు ఉన్న దిశలోనే నిలిచేలా సర్వోకి ఆజ్ఞలిచ్చేది). పై నుంచి చూస్తే మెయిన్ రోటార్ గడియారం ముళ్ల దిశలో తిరుగుతుంది. ఈ దిశ సంగతి ముందే రాసి పెట్టుకోవడం మంచిది, కింద ప్రతి లెక్కా దాని మీదే నడుస్తుంది.

ఊపుళ్లలో రెండు రకాలు. కంటితో లెక్కపెట్టలేనంత సన్నగా, వణుకులా ఉంటే గెయిన్ (గైరో ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే అంకె) ఎక్కువైనట్టు. గెయిన్ తగ్గించినా ఆ వణుకు పోకపోతే ఎక్కడినుంచో వైబ్రేషన్ గైరోకి చేరుతున్నట్టు. ఒకటి, రెండు, మూడు అని తీరిగ్గా లెక్కపెట్టగలిగితే అది వేరే జబ్బు. ఎక్కడో పట్టేయడమో, లూజు ఉండటమో, సర్వో నెమ్మదించడమో జరిగింది. గైరో చెప్పిన చోటికి తోక వెంటనే వెళ్లడం లేదు, వెళ్లాక సమయానికి ఆగడం లేదు. ఇవాళ్టిది ఈ రెండో రకం.

దీనికి చాలామంది ముందు గెయిన్ మీద చెయ్యి వేస్తారు. తగ్గిస్తే ఊపు పోతుంది, నిజమే. దాంతోపాటు తోక పట్టు కూడా పోతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు! గెయిన్‌ది చివరి వంతు. పని బ్లేడు కొసన మొదలుపెట్టి గైరో వైపు రావాలి.

అన్నిటికన్నా ముందు మోటారు నుంచి ఈఎస్‌సీకి (మోటారు వేగాన్ని నడిపే పెట్టెకి) వెళ్లే మూడు వైర్లలో రెండు ఊడదీయాలి. బల్ల మీద రోటార్ పొరపాటున కూడా తిరగకూడదు.

మొదటి పరీక్షకి పనిముట్లు అక్కర్లేదు. సర్వో ఆర్మ్ మీది బంతి నుంచి పుష్‌రాడ్ లింక్ ఊడదీసి, మోడల్‌ని పక్కకి వంచి, తోక షాఫ్టు నిలువుగా నిలబడేలా పట్టుకోవాలి. పిచ్ స్లైడర్ (షాఫ్టు మీద జారుతూ బ్లేడ్ల కోణం మార్చే ముక్క) పుష్‌రాడ్‌తో సహా తన బరువుకే జారాలి, లేదా వేలితో ముట్టగానే కదలాలి. రెండు కొసల్లో ఎక్కడా బిగుసుకోకూడదు. ఇవాళ ఇది బాగానే జారింది. ఇక్కడే మోసపోయేది. బల్ల మీద జారింది కదా అని వదిలేస్తే అసలు దోషం గాల్లోనే మిగిలిపోతుంది.

ఎందుకంటే తిరుగుతున్న తోక వేరు, ఆగి ఉన్న తోక వేరు. మెయిన్ రోటార్ నిమిషానికి 2000 చుట్లు, తోక గేరు నిష్పత్తి 4.5 అనుకుంటే తోక 9000 చుట్లు తిరుగుతుంది. బ్లేడు బరువు 5 గ్రాములే అనుకుందాం, దాని గరిమనాభి షాఫ్టుకి 6 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. ఆ లెక్కన ఒక్కో గ్రిప్‌ని (బ్లేడుని పట్టి ఉంచే పిడిని) బయటికి లాగే బలం దాదాపు 27 కిలోలు. ఐదు గ్రాముల ముక్కకి! ఆ లాగుడంతా మోసేది గ్రిప్ లోపలి త్రస్ట్ బేరింగ్. మామూలు రేడియల్ బేరింగులు ఈ దిశలో బరువు మోయడానికి పుట్టలేదు. త్రస్ట్ బేరింగ్‌లో తేడా ఉంటే బల్ల మీద వెన్నలా కదిలే గ్రిప్ గాల్లో మొరాయిస్తుంది. సర్వో తోస్తుంది, గ్రిప్ కదలదు. ఇంకొంచెం తోస్తే ఒక్కసారిగా కదిలి, కావలసిన దానికన్నా ఎక్కువ దూరం పోతుంది. గైరో వెనక్కి లాగుతుంది, మళ్లీ అదే తంతు. కింద నిలబడి చూసేవాళ్లకి అదే తోక ఊపు.

కనిపెట్టడం తేలిక. ఒక్కో గ్రిప్‌ని వేళ్లతో గట్టిగా బయటికి లాగి పట్టుకుని అటూ ఇటూ తిప్పాలి. మంచి బేరింగ్ అయితే లాగినా నున్నగానే తిరుగుతుంది. ఇవాళ ఒక గ్రిప్ నున్నగా ఉంది, రెండోది ఇసుక పోసినట్టు గరగరమంది. విప్పి చూస్తే వాషర్లు తారుమారు. త్రస్ట్ బేరింగ్‌లో రెండు వాషర్లు చూపుకి ఒకేలా ఉంటాయి కానీ ఒకదాని రంధ్రం కాస్త పెద్దది. పెద్ద రంధ్రం ఉన్నది లోపలికి, అంటే హబ్ (షాఫ్టు కొసన గ్రిప్‌లు తగిలే నడి ముక్క) వైపు ఉండాలి. అది గ్రిప్‌తో పాటు కదులుతుంది, స్పిండిల్‌కి (గ్రిప్ లోపలి ఇరుసుకి) తగలకూడదు. చిన్న రంధ్రం ఉన్నది బయటికి, అంటే బోల్టు తల వైపు. అది స్పిండిల్‌ని పట్టుకుని ఉంటుంది. కంటికి తేడా తెలియకపోతే రెండింటినీ స్పిండిల్ మీదకి ఎక్కించి చూడాలి, వదులుగా ఆడేది లోపలిది. బంతులున్న పంజరం గాడి తెరిచిన వైపు ఎటు ఉండాలో మాన్యువల్ చూసి పెట్టడమే. బంతుల మీద గ్రీజు నిండుగా ఉండాలి. వాషర్ మీద గుంటలు పడితే కడిగి మళ్లీ వాడటం దండగ, మొత్తం సెట్ మార్చాలి. ఇవాళ్టి వాషర్ల మీద సన్నటి గీతలే ఉన్నాయి, అయినా కొత్తవి వేయడమే జరిగింది. గ్రిప్ బోల్టుకి థ్రెడ్‌లాక్ చుక్క వేసేటప్పుడు అది బేరింగ్‌లోకి పాకకుండా చూసుకోవాలి. పాకితే కథ మళ్లీ మొదటికి.

దోషం దొరికింది కదా అని ఆపడం అలవాటు చేసుకోకూడదు. ఒక దోషం వెనక ఇంకోటి దాక్కోవడం తోకలో మామూలే.

తోక బ్లేడు బోల్టులు చూశాక మిగతావి. మోడల్‌ని పక్కకి వంచి కొంచెం ఊపితే బ్లేడు మడత పడాలి. అంతకన్నా బిగిస్తే తిరిగేటప్పుడు బ్లేడు తన చోటు తాను సర్దుకోలేదు, వైబ్రేషన్ వస్తుంది. తోక షాఫ్టు వంగిందేమో తేల్చడానికి బయటికి తీసి అద్దం మీద దొర్లించడమే. నేలకి తోక తగిలిన ప్రతిసారీ ఇది చేయాలి. హబ్‌ని షాఫ్టుకి పట్టే గ్రబ్ స్క్రూ షాఫ్టు మీది చదును భాగంలోనే కూర్చోవాలి. పక్కన కూర్చుంటే హోవర్‌లో ఏమీ తెలియదు, గట్టిగా పైకి లాగినప్పుడు హబ్ జారి తోక గిర్రున తిరుగుతుంది. మెయిన్ గేర్‌ని ఒక చేత్తో పట్టుకుని తోక హబ్‌ని మెల్లగా మెలిపెడితే జారుడు బయటపడుతుంది.

పుష్‌రాడ్‌లో మూడు చూడాలి. మొదటిది బాల్ లింక్ బిగువు. లింక్ బంతి మీద పడి తన బరువుకే వేలాడాలి. బిగుతుగా ఉంటే రీమర్‌తో (రంధ్రం కాస్త వెడల్పు చేసే పనిముట్టుతో) ఒకట్రెండు చుట్లు చాలు, ఎక్కువ తిప్పితే లూజు అవుతుంది, అప్పుడు కొత్త లింక్ తప్ప దారి లేదు. రెండోది గైడ్లు. బూమ్ మీది గైడ్లన్నీ ఒకే గీతలో ఉండాలి. ఒక్కటి కొంచెం తిరిగినా రాడ్ వంగి రాపిడి పెడుతుంది. అసలు గైడ్లు తక్కువైనా ఇబ్బందే, సర్వో నెట్టినప్పుడు రాడ్ మధ్యలో విల్లులా వంగుతుంది, ఆ మేరకు తోకకి చేరాల్సిన కదలిక మాయం. మూడోది కార్బన్ రాడ్ కొసన ఉండే జిగురు అతుకు. ఇది దొంగ. పైకి గట్టిగా కనిపిస్తూనే లోపల ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఆడుతూ ఉంటుంది. రెండు కొసలూ పట్టుకుని లాగి, తోసి, మెలిపెట్టి చూడాలి. అనుమానం వస్తే విప్పి, లోపల గరుకు కాగితంతో రుద్ది, ఎపాక్సీతో మళ్లీ అతికించాలి.

బెల్టు సంగతి పెద్దగా లేదు. బెల్టు ఒక వరసని వేలితోనో స్క్రూడ్రైవర్ కొసతోనో నొక్కితే ఎదుటి వరసకి సగం దూరం వరకు వెళ్లాలి. మరీ వదులైతే బరువు పడ్డప్పుడు పళ్లు దాటేస్తుంది, తోక ఉన్నట్టుండి తన్నుతుంది. మరీ బిగిస్తే మోటారు మీద భారం, బేరింగులకి చేటు. బూమ్ మార్చినప్పుడు బెల్టు మెలిక తప్పు వైపు వేస్తే తోక రోటారే ఉల్టా తిరుగుతుంది, కాబట్టి మెయిన్ రోటార్‌ని చేత్తో దాని దిశలో తిప్పి, తోక బ్లేడు ముందంచు ముందుకే కోస్తోందా అని ఒక్కసారి చూసుకోవాలి. పొడి వాతావరణంలో బెల్టు స్థిర విద్యుత్తు పుట్టిస్తుంది. కారణం లేకుండా సర్వో అప్పుడప్పుడూ ఉలిక్కిపడుతుంటే బూమ్ నుంచి ఫ్రేమ్ లోహానికీ మోటారు మౌంట్‌కీ ఒక సన్న వైరు కలపడం, బెల్టుకి సిలికాన్ స్ప్రే కొట్టడం మందు.

మధ్యాహ్నం సర్వో. స్టిక్ మధ్యలో ఉండగా గైరోని రేట్ మోడ్‌లో (స్టిక్ వదిలితే సర్వో మధ్యకి వచ్చే పద్ధతిలో) పెడితే ఆర్మ్ పుష్‌రాడ్‌కి 90 డిగ్రీల్లో నిలవాలి, స్లైడర్ దాదాపు మధ్యలో ఉండాలి, బ్లేడుకి కుడి రడ్డర్ వైపు (ముక్కుని కుడికి తిప్పే వైపు) 5 నుంచి 8 డిగ్రీల పిచ్ ఉండాలి. కుడి వైపే ఎందుకంటే రోటార్ గడియారం దిశలో తిరిగితే బాడీ ముక్కు ఎడమకి పోవాలని చూస్తుంది, దాన్ని ఆపే తోపుడు కుడి రడ్డర్ ఇచ్చే తోపుడే. ఈ అమరిక సరిగ్గా ఉంటే గైరోకి రెండు వైపులా సమానంగా పని పడుతుంది. లేకపోతే పిరుయెట్ (ఉన్నచోటే గిర్రున తిరగడం) ఒక వైపు ఠక్కున ఆగుతుంది, రెండో వైపు ఆగాక ఒకసారి వెనక్కి ఎగిరిపడుతుంది. అది చూసి గెయిన్ తిప్పుతూ కూర్చోవడం వృథా.

పల్సు (గైరో సర్వోకి పంపే సంకేతం వెడల్పు) సెట్టింగ్ తప్పితే సర్వో బతకదు. తోక సర్వోల్లో 1520 మైక్రోసెకన్లవి ఉంటాయి, 760 వి ఉంటాయి. ఫుటాబా ఎస్9254 లాంటివి మొదటి రకం, ఎస్9251, ఎస్9256 లాంటివి రెండో రకం. గైరోలో ఒకటి పెట్టి సర్వో ఇంకోటి తగిలిస్తే ఆర్మ్ ఒక కొసకి పోయి అక్కడే గుయ్యిమంటుంది. రిఫ్రెష్ రేటు (ఆ పల్సు సెకనుకి ఎన్నిసార్లు పంపాలన్నది) కూడా అంతే. 333 హెర్ట్జ్ డిజిటల్ సర్వోకి. అనలాగ్ సర్వోకి అది ఇస్తే కాసేపటికి వేడెక్కి కాలిపోతుంది. పాత జీవై401 గైరోలో దీనికే డీఎస్ అని చిన్న స్విచ్ ఉండేది, అనలాగ్ సర్వో పెట్టి దాన్ని ఆన్‌లో వదిలేసినవాళ్లకి వాసన గుర్తుండే ఉంటుంది. బీఈసీ (సర్వోలకి కరెంటిచ్చే భాగం) ఇచ్చే వోల్టేజీ సర్వో మీద రాసిన దానికి మించకూడదన్నది వేరే చెప్పక్కర్లేదు.

లిమిట్ (సర్వో ఎంతవరకు కదలాలన్న హద్దు) రెండు వైపులా విడివిడిగా పెట్టాలి. స్లైడర్ కొసకి చేరి, సర్వో మూలగకుండా ఆగేంత. లిమిట్ 100కి బాగా కిందికి దించితే తప్ప కుదరడం లేదంటే బంతి ఆర్మ్ మీద మరీ బయట ఉన్నట్టు, ఒక రంధ్రం లోపలికి జరపాలి. లిమిట్ చివరిదాకా పెంచినా స్లైడర్ కొసకి చేరకపోతే బయటికి జరపాలి.

ఆ తర్వాత గైరో. మోడల్ ముక్కుని చేత్తో చటుక్కున ఎడమకి తిప్పితే, కుడి స్టిక్ ఇచ్చినప్పుడు స్లైడర్ ఎటు పోతుందో అటే పోవాలి. ఉల్టా పోతే గైరో దిశ తప్పు. అలాగే ఎగరేస్తే నేల మీదే బొంగరం. కొత్తవాళ్లని కంగారు పెట్టే సంగతి ఇంకోటి ఉంది. హెడ్డింగ్ హోల్డ్‌లో బల్ల మీద స్టిక్ కదిపి వదిలితే సర్వో మధ్యకి రాదు, ఉన్న చోటే ఉండిపోతుంది, మెల్లగా ఒక కొసకి పాకుతుంది కూడా. ఇది దోషం కాదు. బాడీ తిరగలేదు కాబట్టి గైరో ఇంకా ఆ తిరుగుడు కోసం అడుగుతూనే ఉంటుంది. కానీ గాల్లో తోక మెల్లగా ఒక పక్కకి జారితే ట్రాన్స్‌మిటర్‌లో రడ్డర్ ట్రిమ్, సబ్‌ట్రిమ్, రివల్యూషన్ మిక్సింగ్ (మెయిన్ రోటార్ పిచ్‌తో పాటు రడ్డర్ కదిపే ఏర్పాటు) మూడూ సున్నాలో ఉన్నాయా చూడాలి. హెడ్డింగ్ హోల్డ్‌కి ట్రిమ్ అంటే ఆగకుండా కొంచెం కొంచెం తిరుగుతూ ఉండమన్న ఆజ్ఞ. ఇవాళ చూస్తే రెండు నొక్కుల ట్రిమ్ ఉంది, తీసేయడమైంది.

గైరో కింద టేప్ ఎండకి కరిగి జిగటగా మారింది. దాన్నీ మార్చాలి. వైర్లు బిగుతుగా లాగి కట్టకూడదు, వాటి మీదుగానే వణుకు గైరోలోకి ఎక్కుతుంది.

సాయంత్రం ఒకే ఒక్క బ్యాటరీ. స్విచ్ వేశాక గైరో సిద్ధమయ్యే దాకా మోడల్‌ని ముట్టుకోలేదు. బద్ధకపు ఊపు పోయింది. ఇక గెయిన్ వంతు. హోవర్‌లో రెండేసి అంకెలు పెంచుతూ పోతే ఒక చోట సన్నటి వణుకు మొదలవుతుంది, అక్కడి నుంచి నాలుగైదు తగ్గించి ఆపాలి. ముందుకి వేగంగా పోయేటప్పుడు కూడా వణుకు రాకపోతే అదే లెక్క. హెడ్ స్పీడ్ (మెయిన్ రోటార్ వేగం) పెరిగితే తోక కూడా వేగంగా తిరుగుతుంది, అదే గెయిన్ అప్పుడు ఎక్కువవుతుంది. అందుకే నార్మల్‌కి ఒక అంకె, ఐడిల్ అప్‌కి (రోటార్ వేగం ఎక్కువగా ఉండే మోడ్‌కి) అంతకన్నా తక్కువ అంకె. ఇవాళ 41, 36 కుదిరాయి. ఈ అంకెలు వేరే రేడియోకి, వేరే గైరోకి పనికిరావు, పోల్చి చూడటం అనవసరం.

నిటారుగా పైకి లాగితే మాత్రం ముక్కు ఒక్క క్షణం ఎడమకి తన్నింది. ఇది ఊపు కాదు, తోకకి బలం చాలకపోవడం. కుడి వైపు లిమిట్ ఇంకొంచెం దొరుకుతుందేమో చూడాలి. దొరకకపోతే హెడ్ స్పీడ్ ఓ వంద పెంచాలి, లేదా ఒక సైజు పొడుగు తోక బ్లేడ్లు వేయాలి. అదే సమయంలో మోటారు శబ్దం కూడా వినడమైంది. తోక ఊపుతో పాటు రొద పైకీ కిందికీ పోతుంటే తప్పు ఈఎస్‌సీ గవర్నర్ (రోటార్ వేగాన్ని నిలకడగా ఉంచేది) గెయిన్‌ది అయ్యుండేది. రొద నిలకడగానే ఉంది.

తర్వాతి ఎగురుడికి ముందు మిగిలినవి: గైరో టేప్, కుడి లిమిట్, మొదటి గ్రిప్ త్రస్ట్ బేరింగ్ కూడా విప్పి వాషర్లు చూడటం. నున్నగా తిరిగింది కదా అని దాన్ని ఇవాళ విప్పలేదు.