లినక్సులో ఏడు మైకుల రికార్డింగు: నా అనుభవం

చెన్నై మైలాపూరులోని మా ఇంటి ముందుగదిలో నెలకు రెండు శనివారాలు అక్క పాడుతుంది. ఎదురింటి మాస్టారు వయొలిన్‌కూ, మా బావగారు మృదంగానికీ కూర్చుంటారు. రికార్డు చేసే పని నాది. గాత్రానికి ఒకటి, వయొలిన్‌కు ఒకటి, మృదంగానికి తొప్పి (ఎడమ) వైపొకటి, కరణి (కుడి) వైపొకటి, తంబూరాకు ఒకటి, గదికి రెండు, వెరసి ఏడు మైకులు కావాలి. లాప్‌టాప్‌లో లినక్సు రకాల్లో ఒకటైన డెబియన్ 12, ఆర్డోర్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేరూ ఉన్నాయి. వాటిని మార్చే ఉద్దేశం నాకు లేదు.

ఖర్చు కలిసొస్తుందని మొదట నా రెండు ఛానెళ్ల ఇంటర్‌ఫేసుకు (మైకులను కంప్యూటర్‌కు కలిపే పెట్టెకు) తోడుగా స్నేహితుడి దగ్గర ఇంకొకటి అరువు తెచ్చి, నాలుగు మైకులతో అరగంట రికార్డు చేశాను. ఆరంభంలో అన్నీ కలిసే ఉన్నాయి. చివరికి వచ్చేసరికి మృదంగం మైకులోని దెబ్బకూ, గాత్రం మైకులోకి చొరబడిన అదే దెబ్బకూ మధ్య దాదాపు 90 మిల్లీసెకన్ల తేడా వచ్చింది. తప్పు బావగారి తాళానిది కాదు. ప్రతి ఇంటర్‌ఫేసులోనూ శాంపిళ్లకు, అంటే సెకనుకు వేలసార్లు తీసుకునే ధ్వని కొలతలకు, వేగాన్ని నిర్ణయించే స్ఫటికం (క్లాకు) వేరుగా ఉంటుంది. రెండింటి వేగాల మధ్య పది లక్షలకు 50 పాళ్ల తేడా ఉన్నా అరగంటలో అంత ఎడం వస్తుంది. రీశాంప్లింగుతో (శాంపిళ్లను కొత్త వేగానికి తిరిగి లెక్కకట్టి) సర్దే ఉపకరణాలు ఉన్నాయి గానీ, ఒకే క్లాకు మీద నడిచే ఎనిమిది ఛానెళ్ల పెట్టె కొనడమే నయమని తేల్చుకున్నాను.

యూఎస్‌బీ ఆడియో ప్రమాణాన్ని పాటించే ఇంటర్‌ఫేసుకు లినక్సులో ప్రత్యేక డ్రైవరు అక్కర్లేదు, లినక్సు మూలభాగమైన కెర్నెల్‌లోనే ఉంటుంది. అయితే ధ్వని రావడం ఒక సంగతి, ఏ ధ్వని ఎటు, ఎంత పోవాలో సర్దే లోపలి మిక్సరు మన చేతికి రావడం ఇంకో సంగతి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 18ఐ20 అనే ఇంటర్‌ఫేసును చాలా రోజులు పరిశీలించాను. తయారీదారు మిక్సర్ సాఫ్ట్‌వేరు విండోస్‌కూ మ్యాక్‌కూ మాత్రమే. ఆ లోటును జెఫ్రీ బెనెట్ అనే ప్రోగ్రామరు తీర్చారు. 2019లో వచ్చిన 5.4 కెర్నెల్‌లో రెండో తరం స్కార్లెట్లకు ఆయన రాసిన మిక్సరు చేరింది. కానీ అది అడగకుండానే పనిచేయడం 6.7 నుంచి. డెబియన్ 12లో ఉన్నది 6.1 కనుక డ్రైవరు మాడ్యూలుకు ఒక ఐచ్ఛికాన్ని (ఆప్షన్‌ను) జోడించాలి. అది పెద్ద శ్రమేమీ కాదు. అయినా పాట మధ్యలో ఏది సర్దాలన్నా చేయి మౌస్ మీదికి కాక నాబ్ మీదికి పోవాలన్నది నా పట్టుదల, బహుశా పాతకాలపు చాదస్తం. బెహ్రింగర్ యూఎంసీ1820కి అలాంటి మిక్సర్ సాఫ్ట్‌వేరే అక్కర్లేదు; ఎనిమిది ప్రీయాంప్‌ల (మైకు ధ్వనిని పెంచే భాగాల) గెయిన్ నాబ్‌లూ ముందు పలక మీదే ఉన్నాయి. అదే కొన్నాను. కావలసిన కేబుళ్లు చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరికాయి.

తగిలించగానే రెండు ఛానెళ్లే కనబడితే కంగారు పడ్డాను. లినక్సులో ధ్వనిని నడిపే పైప్‌వైర్‌లో ప్రొఫైలును ‘ప్రో ఆడియో’గా మార్చాక, ఎనిమిది మైకులవీ, డిజిటల్ ఇన్‌పుట్‌లవీ కలిపి పద్దెనిమిదీ వచ్చాయి.

లేటెన్సీని (ధ్వని కంప్యూటర్ గుండా వచ్చేసరికి పట్టే ఆలస్యాన్ని) తగ్గించడం కోసం మాత్రం ఒక వారం వృథా చేశాను. బఫరును, అంటే కంప్యూటర్ ఒక్కోసారి తీసుకునే ధ్వని ముక్కను, 64 ఫ్రేములకు దించి, అప్పుడప్పుడూ వచ్చే చిటపటలను వేటాడాను. ఎదురెదురుగా కూర్చుని పాడుకునే వాళ్లలో హెడ్‌ఫోన్లు పెట్టుకునేది ఎవరు? కంప్యూటర్ గుండా వచ్చే ధ్వని వాళ్లకు అక్కరే లేదు. ఇప్పుడు 48 కిలోహెర్ట్జ్ వద్ద 1024 ఫ్రేములు పెట్టాను, అంటే 21 మిల్లీసెకన్లు. మొన్నటి శనివారం గంటన్నర రికార్డింగులో ఒక్క చిటపట కూడా లేదు. చివరి నిమిషంలోని మృదంగం దెబ్బను పెద్దదిచేసి చూస్తే ఏడు ట్రాకుల్లోనూ దాని చోటున అది ఉంది.