డబ్బా మారింది, బండి కదిలింది

జయపురం నుంచి సాలూరు వస్తుంటే సుంకి ఘాట్‌లో కారు మూడుసార్లు ఆగిపోయింది. స్కానర్ పెడితే ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ డబ్బా, అసలు పలకడం లేదు. మెకానిక్ తొందరపడలేదు. బ్యాటరీ, ఫ్యూజులు, ఎర్త్ వైర్లు చూశాకే "బాక్సే పోయింది బాబూ" అన్నాడు. విప్పితే కనెక్టర్ పిన్నులకు పచ్చటి తుప్పు. కొరాపుట్ వానలు మరి!

నేనేమో తెలివిగా ఓ పాత బండిలోని ఈసీఎం తెచ్చాను, పార్ట్ నంబరు కూడా అదే. సెల్ఫ్ తిరుగుతుంది, స్టార్ట్ అవదు. తెలియని తాళంచెవితో ఇంజిన్‌ని స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ ఒకటి ఉంటుంది, దానికి మా తాళంచెవి తెలియదట! చివరికి కొత్తది తెప్పించి, ఛాసిస్ నంబరు ఎక్కించి, తాళంచెవులు రెండూ జత చేయించాం. రెండోది ఇంట్లో వెతకడానికే ఒక పూట పట్టింది.

మా ఆవిడ ఇంకా అడుగుతూనే ఉంది, "ఆ చిన్న డబ్బాకి అంత డబ్బా?" అని.