నోరు కట్టుకోమన్నవాళ్లే అందరూ

తెనాలిలో మా ఇంటి ముందుగదిలోనే నా కుట్టుమిషను. పేటలో ఆడవాళ్లందరి కొలతలూ నా నోట్‌బుక్కులో ఉంటాయి, నావి తప్ప. నా జాకెట్లకి ఆది అంటూ ఉండేది కాదు. పక్క కుట్లు విప్పుకుంటూ పోవటమే. లోపల వదిలిన గుడ్డ కూడా అయిపోయాక చంక కింద వేరే ముక్క వేసి అతికేదాన్ని. పైట కప్పితే కనపడదు.

98 కిలోలకి చేరేసరికి మోకాళ్లు పట్టేశాయి. ఎముకల డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి చూశాడు గానీ నా మొహం చూడలేదు. "ముందు నోరు కట్టుకోండమ్మా, మోకాళ్ల సంగతి తర్వాత" అన్నాడు. అక్కడే నర్సు బీపీ పట్టీ చుట్టబోతే, నా దండకి చాలక పటుక్కున ఊడొచ్చింది. వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. ఎలాగో బిగించి, బీపీ ఎక్కువుందని మాత్ర డోసు పెంచి పంపారు. చిన్న పట్టీతో చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందని, లావు చేతులకి పెద్ద పట్టీ వేరే ఉంటుందని నాకు చాలాకాలానికి తెలిసింది. నాకంటే తెలియదు, వాళ్లకి తెలియదా?

నోరు కట్టుకోక ఏం చేశాను? రాత్రిళ్లు అన్నం మానేశాను. శనివారం ఒక్కపొద్దు. పొద్దున్నే తేనె, నిమ్మరసం. కాస్త తగ్గేది, ఆ తర్వాత తగ్గినదానికంటే ఎక్కువ పెరిగేది. బరువు తగ్గితే ఆకలి పుట్టించే హార్మోను పెరుగుతుందట, కడుపు నిండిందని చెప్పేది తగ్గుతుందట, ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి కూడా పడిపోతుందట. పాత బరువుకి చేరేదాకా ఒళ్లు ఊరుకోదన్నమాట. ఇన్నేళ్లలో ఒక్క డాక్టరూ ఈ ముక్క చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో అండాశయాల్లో నీటిబుడగలు, పీసీఓడీ అన్నారు, రెండో కాన్పు తర్వాత థైరాయిడ్ అన్నారు. మాత్రలు రాశారు, ఇంటికి పంపారు. పొద్దస్తమానం కూర్చుని కుట్టే పని ఎలాగూ ఉంది.

మేనల్లుడి పెళ్లికి రాజమండ్రి వెళ్లాం. కళ్యాణమండపం మేడ మీద హాల్లో ఆడవాళ్లందరం చాపలేసుకుని పడుకున్నాం. నా పక్కన మా చిన్న తోటికోడలు. మామగారి ఇంటి వాటాల దగ్గర మాకు మాటలు పోయి ఏళ్లయింది. ఇంకెక్కడా చోటు లేక నా పక్కన చేరింది, అటు తిరిగి పడుకుంది.

అర్ధరాత్రి ఎవరో నన్ను భుజాలు పట్టి కుదిపేస్తున్నారు. కళ్లు తెరిచాను, ఊపిరి అందటం లేదు. బావిలో మునిగినట్టు గొంతు మూసుకుపోయింది. నోరు తెరుస్తున్నా గాలి లోపలికి పోదు. ఒళ్లంతా చెమట. "అక్కా, ఊపిరి తీసుకో, అక్కా!" అని తోటికోడలు ఏడుస్తోంది. గురక పెడుతూ పెడుతూ ఒక్కసారి ఆగిపోయానట. పొట్ట ఎగసిపడుతోంది గానీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తే గాలే లేదట. లైట్లు వేశారు. మా అక్క లేచి కూర్చుని, "రెండు విస్తళ్లు లాగించి ఉంటుంది, అరక్క అవస్థ. పడుకోండి" అంది. చీకటి మూలల్లోంచి కిసుక్కుమన్న నవ్వులు. ఆ రాత్రి నేను తిన్నది ఇంత పెరుగన్నం.

దగ్గర్లో ఆస్పత్రికి వెళితే ఈసీజీ తీసి, గ్యాసని ఇంజెక్షన్ పొడిచి పంపేశారు. తిరిగొచ్చాక తోటికోడలు పడుకోలేదు. గోడకి ఆనుకుని కూర్చుని, నా గురక ఆగినప్పుడల్లా మోచేత్తో పొడుస్తూ తెల్లవార్లూ మేలుకుంది. తలంబ్రాల వేళకి ఆమె కళ్లు చింతనిప్పులు. మా తెనాలి వైకుంఠపురం వెంకన్నే ఆమెను ఆ చాప మీదికి పంపాడని నా నమ్మకం. ఎవరైనా నవ్వుకుంటే నవ్వుకోండి.

ఆమే విజయవాడలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన తిండి ఊసే ఎత్తలేదు. పగలు మిషను మీద కునుకు పడుతుందా, లేవగానే తలనొప్పా, రాత్రి ఎన్నిసార్లు పాసుకి లేస్తారు అని అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. ఒళ్లంతా తీగలు అంటించి ఒక రాత్రి పరీక్ష చేశారు. గంటకి 30 సార్లు ఊపిరి ఆగితే తీవ్రమైన స్లీప్ ఆప్నియా కింద లెక్క, నాది అదీ దాటింది. మెడలోనూ నాలుకలోనూ కొవ్వు చేరి, నిద్రలో కండరాలు సడలగానే గాలిదారి మూసుకుపోతుంది. నిద్ర సరిగా లేకపోతే మర్నాడు ఆకలెక్కువ, ఒళ్లు కదలదు, బరువు పెరుగుతుంది. పెరిగిన బరువు మళ్లీ గొంతు నొక్కుతుంది. సీపాప్ అని, మాస్కులోంచి గాలి ఒత్తిడితో పంపి దారి తెరిచి ఉంచే మిషను ఇచ్చారు. అలవాటయ్యేదాకా చిరాకే. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం లైనింగ్ జాకెట్టు మొదలుపెట్టి, హుక్కులతో సహా కునుకు లేకుండా పూర్తి చేశాను.

నా బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క, 40 దాటింది కాబట్టి ఆపరేషన్ మంచిదన్నారు. స్లీవ్ అంటారు. పొట్టలో తిండి చేరే సంచిని ముప్పావు వంతు నిలువుగా కోసి తీసేస్తారు, ఆకలి హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ భాగంలోనే. ఇన్సూరెన్సుకి బీఎంఐ 40 ఉండాలి. తీవ్రమైన ఆప్నియా, అదుపులో లేని షుగరు లాంటివి తోడైతే 35 చాలు. ఆపరేషన్ సంగతి చెప్పటానికేం లేదు, మత్తిచ్చారు, లేచాను. తర్వాతదే కష్టం. వారాల తరబడి గుక్కెడు గుక్కెడు మజ్జిగ, పలచటి పప్పుకట్టు. దువ్వితే చేతినిండా జుట్టు. మళ్లీ వచ్చిందిలెండి. బీ12, ఐరన్ బతికినంతకాలం మింగాలి. మా అక్క దీనికీ ఊరుకోలేదు: "కోయించుకుని తగ్గటం కూడా ఒక తగ్గటమేనా?"

అందరికీ కోతలు అక్కర్లేదు. కానీ మనవాళ్లకి బీఎంఐ 25 దాటితే చాలు ఊబకాయం కిందే లెక్క, ఆడవాళ్ల నడుం 80 సెంటీమీటర్లు దాటితే చాలు జాగ్రత్తపడాలి. నా టేపులో అది ముప్పై ఒకటిన్నర అంగుళాలు. కొలతలకి వచ్చిన పిల్లలకి ఇప్పుడు ఆ మాట కూడా మెల్లగా చెబుతున్నాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిందేమిటంటే, రోజు మొత్తం శక్తిలో బియ్యం, గోధుమల్లాంటి ధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. మన కంచంలో కొండంత అన్నం, గరిటెడు పప్పు. ఇప్పుడు మా ఇంట్లో పప్పూ కూరా ముందు పడతాయి, అన్నం తర్వాత. 2025లో బరువు తగ్గటానికి వారానికొకసారి పొడుచుకునే మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన దేశానికీ వచ్చాయి. పనిచేస్తాయి, కానీ ఆపితే బరువు చాలామటుకు తిరిగొస్తుంది. డాక్టరు చెప్పకుండా మందుల షాపులో కొనకండి.

మా అక్క సంక్రాంతికి వచ్చి మా ఇంట్లో పడుకుంది. మనిషి రివటలా ఉంటుంది, గురక మాత్రం వీధిలోకి వినిపించింది, మధ్యమధ్య ఆగిపోతోంది కూడా. సన్నటివాళ్లకీ ఈ జబ్బు వస్తుందంటే వినదు. వచ్చే నెల మోకాళ్ల డాక్టరని చెప్పి విజయవాడ తీసుకెళుతున్నాం. తోటికోడలు అపాయింట్‌మెంట్ కూడా తీసేసుకుంది.