టీమ్ ప్రాజెక్టు: ముందు ఒక్క అంకెని చివరిదాకా పంపండి

టీమ్ ప్రాజెక్టులో ఎవరి ముక్క వాళ్లు బాగానే రాస్తారు. ఒకరు స్క్రీన్లు, ఒకరు సర్వర్, ఒకరు డేటాబేస్, కోడింగ్ రాదనుకున్నవాళ్లకి డాక్యుమెంటేషన్. రివ్యూకి వారం ముందు అన్నీ ఒక లాప్‌టాప్‌లోకి తెచ్చి కలపబోతారు, పని అక్కడ ఆగిపోతుంది. నెల్లూరు కాలేజీలు ఎక్కువగా అనంతపురం జేఎన్‌టీయూ కింద, ఒంగోలు వైపువి కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉంటాయి, అటానమస్ వాళ్ల రూల్సు వేరు. ఎక్కడ చదివినా ఈ చిక్కు మాత్రం ఒకటే. కలపడమే మొదటి పని కావాలని నేను గట్టిగా నమ్ముతాను.

మన దగ్గర చేయదగ్గ ప్రాజెక్టు ఒకటి పట్టుకుని చెప్తాను: రొయ్యల గుంటల రికార్డు యాప్. లైబ్రరీ మేనేజ్‌మెంట్ లాంటివి ఎందుకు వద్దంటానంటే, అందులో "ఇది తప్పు" అని చెప్పే మనిషి ఉండడు. గుంటలకైతే ఇందుకూరుపేటకో కొత్తపట్నానికో బస్సెక్కితే చాలు. రైతుని "యాప్‌లో మీకేం కావాలి" అని అడగొద్దు, మర్యాదకి ఏదో ఒకటి చెప్పి పంపిస్తారు. "నిన్న పుస్తకంలో ఏం రాశారో చూపిస్తారా" అని అడిగి, ఒప్పుకుంటే పేజీని ఫొటో తీసుకోండి. తేదీ, పొద్దున సాయంత్రం పీహెచ్, డీవో, మేత ఎన్ని కిలోలు, చెక్ ట్రేలో (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసేందుకు గుంటలో దించే పళ్లెం) ఎంత మిగిలింది, ఏ మందు వేశారు. మీ టేబుల్ కాలమ్‌లు అవే. డీవో అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్. రాత్రంతా తగ్గుతూ వచ్చి తెల్లారేముందు అన్నిటికన్నా కిందికి పడుతుంది. 4 పీపీఎం కిందికి దిగితే రొయ్యకి ఇబ్బంది మొదలైనట్టే, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు చూసుకోవాలి. తెల్లారుజాము కొలతకి అంత విలువ అందుకే.

మొదటి వారం లక్ష్యం ఒకే గుంట, ఒకే డీవో కొలత. ఒక ఫోన్లో టైప్ చేసింది సర్వర్‌కి వెళ్లి, టేబుల్లో పడి, ఇంకో ఫోన్లో కనబడాలి. లాగిన్ వద్దు, గ్రాఫులు వద్దు. ఇదంతా మీ లాప్‌టాప్‌లో కాదు, నెట్‌లో ఉన్న సర్వర్ మీద నడవాలి. ఆ ఒక్క అంకె చివరిదాకా చేరేలోపే ఆఖరి వారంలో ఏడిపించే గొడవలు చాలావరకు బయటపడతాయి.

అన్నిటికన్నా మోసం చేసేది టైము. సర్వర్లు సాధారణంగా యూటీసీలో, అంటే ప్రపంచమంతా వాడే ఉమ్మడి టైములో దాస్తాయి, మన టైము దానికి 5 గంటల 30 నిమిషాలు ముందు. అంటే తెల్లారుజామున 4:30కి రాసిన డీవో సర్వర్లో ముందురోజు రాత్రి 11:00గా ఉంటుంది. అలా దాచడంలో తప్పేమీ లేదు. రోజువారీ రిపోర్టు రాసేవాళ్లు ఆ యూటీసీ తేదీనే పట్టుకుని గ్రూప్ చేస్తే మాత్రం, రోజు మొత్తంలో ముఖ్యమైన కొలత నిన్నటి లెక్కలోకి పోతుంది. ల్యాబ్‌లో పగటిపూట కూర్చుని టెస్ట్ చేస్తే ఇది ఎప్పటికీ దొరకదు, ఎందుకంటే పొద్దున 5:30 నుంచి వచ్చే కొలతలన్నీ సరైన తేదీలోనే పడతాయి. గ్రూప్ చేసేముందు టైముని మన కాలమానంలోకి మార్చండి. టెస్ట్ డేటాలో 4:30, 5:29, 5:30 కొలతలు తప్పకుండా పెట్టండి.

తర్వాతది ఖాళీ గడి. మీటర్ చెడి ఆ పూట కొలవలేదు, స్క్రీన్ కోడ్ దాన్ని సున్నాగా పంపింది. డీవో కొలతలు 5.2, 4.6, 0 కలిపితే సగటు 3.27 వస్తుంది, అసలు సగటు 4.9. ఏమీ కాని రోజు రైతు ఫోన్లో అలారం మోగుతుంది, రెండుసార్లు అలా అయితే ఆ యాప్ మళ్లీ తెరవరు. కొలవనిది నల్‌గా, అంటే "విలువ లేదు" అనే గుర్తుతో వెళ్లాలి, సగటులోకి రాకూడదు. స్క్రీన్ వాళ్లూ సర్వర్ వాళ్లూ కూర్చుని ఈ ముక్క కాగితం మీద రాసుకోవాలి.

గుంట గట్టు మీద సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. మేత 25 కిలోలని ఫోన్ పంపింది, సర్వర్ రాసుకుంది, జవాబు తిరిగి ఫోన్‌కి చేరలేదు. ఫోన్ మళ్లీ పంపుతుంది, టేబుల్లో 50 కిలోలవుతుంది, పట్టుబడి అయ్యాక వేసే ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకి ఎన్ని కిలోల మేత పట్టిందో) లెక్కంతా తప్పుతుంది. ప్రతి ఎంట్రీకి ఫోన్లోనే ఒక ఐడీ పుట్టించి, డేటాబేస్‌లో ఆ కాలమ్‌కి యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే ఐడీ రెండుసార్లు పడకూడదనే నియమం) పెట్టండి. రెండోసారి వచ్చినప్పుడు సర్వర్ ఎర్రర్ చెప్పకుండా "అందింది" అనే జవాబివ్వాలి. లేకపోతే ఫోన్ పంపుతూనే ఉంటుంది.

ఈ దారి నడిచాకే పని పంచుకోండి. మేత ఒకరికి స్క్రీన్ నుంచి టేబుల్ దాకా, పీహెచ్ ఇంకొకరికి అలాగే. ఎవరి డాక్యుమెంటేషన్ వాళ్లే రాయాలి. నాలుగు నెలలు వర్డ్ ఫైలుతో కూర్చోబెట్టిన మనిషికి ఈ కోర్సు ఏమీ నేర్పదు, అది అన్యాయం. నలుగురుంటే మాట్లాడుకోవాల్సిన జతలు 6, ఆరుగురైతే 15. వీలుంటే నలుగురితో ఆగండి. మిడ్ పరీక్షల వారాల్లో పని జరగదని ప్లాన్‌లోనే రాసేయండి.

అందరి కోడ్‌నీ, దాని మార్పులనీ ఒకచోట దాచే గిట్ విషయంలో నాలుగు మాటలు. మెయిన్ బ్రాంచిలోకి, అంటే అందరి ఉమ్మడి కోడ్‌లోకి ఎవరూ నేరుగా పుష్ చేయకుండా లాక్ పెట్టండి. ఎవరి పని వాళ్లు చేసుకునే విడి బ్రాంచిని రెండు రోజుల్లో మెయిన్‌లోకి మెర్జ్ చేసేయండి, వారం నిలవ ఉంచితే కాన్‌ఫ్లిక్ట్‌లు విప్పడానికే రోజు పోతుంది. అందరి ఎడిటర్లలో ఒకే ఫార్మాటర్, ఒకే లైన్ ఎండింగ్ సెట్టింగ్ ఉండాలి, లేకపోతే ఒక్క లైను మార్చినా ఫైలంతా మారినట్టు చూపిస్తుంది. డేటాబేస్ పాస్‌వర్డ్ పొరపాటున కమిట్ అయితే (గిట్‌లో నమోదైతే), తర్వాతి కమిట్‌లో తీసేసినా హిస్టరీలో ఉండనే ఉంటుంది. వెంటనే పాస్‌వర్డ్ మార్చేయడమే మార్గం.

యాప్‌ని ఎలా నడపాలో చెప్పే రీడ్‌మీ ఫైలు సరిగ్గా ఉందో లేదో మీరు చదివితే తెలియదు. వేరే టీమ్ మనిషికి ఖాళీ లాప్‌టాప్ ఇచ్చి, పక్కన నోరు మెదపకుండా కూర్చోండి. అరగంటలో యాప్ లేవకపోతే, ఆగిన ప్రతిచోటా ఒక లైను రాయాల్సి ఉందన్నమాట. ఉచిత సర్వర్లు కొన్ని కాసేపు వాడకం లేకపోతే నిద్రపోతాయి, మొదటి రిక్వెస్ట్‌కి లేవడానికి టైము పడుతుంది. ఎగ్జామినర్ రావడానికి కొన్ని నిమిషాల ముందు ఒకసారి యాప్ తెరిచి ఉంచండి.