డిజిటల్ ఎలక్ట్రానిక్స్‌కి మొదటి పుస్తకం వెతుక్కున్న నా అనుభవం

సొంతంగా డిజిటల్ ఎలక్ట్రానిక్స్ నేర్చుకుందామని మొదలుపెట్టేసరికి నాకు తెలిసింది ఓమ్స్ లా, ఎల్‌ఈడీకి రెసిస్టర్ ఎందుకు పెట్టాలో, అంతవరకే. ఏ పుస్తకం చదవాలని అడిగితే ఎక్కువగా వినిపించిన పేరు మోరిస్ మానో 'డిజిటల్ డిజైన్'. అందులో ఒక్క వాక్యం కూడా వృథాగా ఉండదు. అయితే క్లాసులో విడమరచి చెప్పే లెక్చరర్ ఉన్నప్పుడు బాగా కలిసొచ్చే పుస్తకం అది. ఒంటరిగా చదివే నాకు అది రెండో పుస్తకం కావాలి, మొదటిది ఇంకేదో కావాలి.

వెతకడం మొదలుపెట్టాక ఒక పద్ధతి కుదిరింది. బైనరీ నంబర్ల అధ్యాయం ఏ పుస్తకంలోనైనా బాగానే ఉంటుంది కాబట్టి అది చూడటం మానేసి, నేరుగా ఎస్‌ఆర్ లాచ్ (ఒక్క బిట్టుని, అంటే ఒక 0 లేదా 1ని, గుర్తుపెట్టుకునే చిన్న సర్క్యూట్) ఉన్న పేజీకి వెళ్లేలా అలవాటు చేసుకున్నాను.

ఎందుకంటే అప్పటిదాకా గేట్లు (0, 1లని తీసుకుని 0 గానీ 1 గానీ ఇచ్చే చిన్న సర్క్యూట్లు) ఇన్‌పుట్‌ని బట్టి జవాబిస్తాయి, అంతే. లాచ్ దగ్గర సర్క్యూట్ జరిగినదాన్ని గుర్తుపెట్టుకోవడం మొదలుపెడుతుంది. రెండు నార్ గేట్లు (ఏ ఇన్‌పుట్ 1 అయినా 0 ఇస్తాయి, అన్నీ 0 అయితేనే 1), ఒక్కోదాని అవుట్‌పుట్ రెండోదానికి ఇన్‌పుట్. మొదటి గేటుకి బయటి ఇన్‌పుట్ ఎస్, రెండోదానికి ఆర్, రెండోదాని అవుట్‌పుట్ క్యూ. ఎస్‌ని 1 చేస్తే దాని గేటు అవుట్‌పుట్ 0 అవుతుంది. ఆ 0 రెండో గేటుకి వెళ్తుంది, అక్కడ ఆర్ కూడా 0 కాబట్టి క్యూ 1 అవుతుంది. ఆ 1 తిరిగి మొదటి గేటుకి వస్తుంది. ఇప్పుడు ఎస్‌ని 0 చేసినా, వెనక్కి వచ్చిన ఆ 1 మొదటి గేటుని 0 దగ్గరే పట్టి ఉంచుతుంది. క్యూ 1గానే ఉండిపోతుంది. కంప్యూటర్‌లోని కొన్ని రకాల మెమరీ వెనక ఉన్న ఆలోచన ఇదే! ఈ నడకని అడుగడుగునా చూపించే పుస్తకం నాకు పనికొస్తుంది. బొమ్మ వేసి, పక్కన ట్రూత్ టేబుల్ (ఏ ఇన్‌పుట్లకి ఏ అవుట్‌పుట్ వస్తుందో చూపే పట్టిక) పెట్టి ముందుకెళ్లిపోయేది పనికిరాదు.

ఇంకో పరీక్ష కార్నో మ్యాప్, అంటే లాజిక్ సమీకరణాన్ని చిన్నది చేయడానికి వాడే గడుల పట్టిక. గడుల వరస 00, 01, 11, 10 అని ఉంటుంది. 10 కంటే 11 ముందెందుకు వచ్చింది? పక్కపక్క గడుల మధ్య ఒక్క బిట్టే మారాలి, అప్పుడే ఆ రెంటినీ కలిపినప్పుడు మారిన బిట్టు సమీకరణం నుంచి ఎగిరిపోతుంది. ఈ కారణం చెప్పకుండా వరసని బట్టీ పట్టించే పుస్తకాన్ని అక్కడే మూసేయొచ్చు.

ఈ రెండు పరీక్షల్లో నాకు నిలబడింది థామస్ ఫ్లాయిడ్ 'డిజిటల్ ఫండమెంటల్స్'. టైమింగ్ వేవ్‌ఫామ్‌లు (సిగ్నళ్లు కాలంతోపాటు ఎలా మారతాయో చూపే గీతలు) ధారాళంగా ఉంటాయి. ఉదాహరణ చేశాక వెంటనే అలాంటిదే మనం చేయాల్సిన లెక్క ఉంటుంది, జవాబు అధ్యాయం చివర దొరుకుతుంది. ఎవరి సాయం లేకుండా చదివేవాళ్లకి ఆ జవాబు ఉండటం ఎంత ధైర్యమో మాటల్లో చెప్పలేను. లావుపాటి పుస్తకమే, కానీ టెన్షన్ పడక్కర్లేదు. గేట్లు, ఫ్లిప్-ఫ్లాప్‌లు, కౌంటర్లు ఏళ్లు గడిచినా మారవు, కాబట్టి పాత ఎడిషన్ దొరికినా హాయిగా తీసుకోవచ్చు.

సర్క్యూట్లంటేనే భయమున్నవాళ్లకి మాత్రం ముందు చార్లెస్ పెట్‌జోల్డ్ 'కోడ్' ఇస్తాను. 1999లో వచ్చింది, 2022లో రెండో ఎడిషన్ తెచ్చారు. టార్చిలైటు, మోర్స్ కోడ్‌తో మొదలై, టెలిగ్రాఫ్ రిలేలతోనే (కరెంట్‌తో పనిచేసే స్విచ్‌లు) గేట్లు కట్టి చూపిస్తుంది. లెక్కలు చేయించదు, కానీ ఈ సబ్జెక్ట్ మీద ప్రేమ పుట్టిస్తుంది. చేత్తో కట్టి చూడాలనుకునేవాళ్లకి నిసాన్, షాకెన్ రాసిన 'ది ఎలిమెంట్స్ ఆఫ్ కంప్యూటింగ్ సిస్టమ్స్' ఉంది. ఒక్క నాండ్ గేటుతో (అన్ని ఇన్‌పుట్లూ 1 అయితేనే 0 ఇచ్చేది) బయల్దేరి మొత్తం కంప్యూటర్ దాకా తీసుకెళ్తుంది. దానికి కావలసిన సిమ్యులేటర్ కూడా ఉచితమే.

ఏ పుస్తకం ఎంచుకున్నా పక్కన బ్రెడ్‌బోర్డ్ (సోల్డర్ చేయకుండా సర్క్యూట్ కట్టే పలక), ఒక 74హెచ్‌సీ00 చిప్ పెట్టుకోండి. అందులో నాలుగు నాండ్ గేట్లుంటాయి, 14వ పిన్ పవర్, 7వది గ్రౌండ్. పేజీ మీద ఇన్‌పుట్ అంటే 0 లేదా 1. చిప్ మీద ఏ తీగా తగిలించని ఇన్‌పుట్ రెండూ కాదు. వేలు దగ్గరకి తెచ్చినా అవుట్‌పుట్ ఇష్టమొచ్చినట్టు మారిపోవచ్చు. అందుకే స్విచ్ ఉన్న ప్రతి ఇన్‌పుట్‌కీ ఒక 10 కిలో ఓమ్స్ రెసిస్టర్‌ని గ్రౌండ్‌కి కలిపి, స్విచ్ ఒక కొసని ఆ ఇన్‌పుట్‌కి, రెండో కొసని పవర్‌కి ఇవ్వండి. వాడని గేట్ల ఇన్‌పుట్లని కూడా గాలికి వదిలేయకుండా గ్రౌండ్‌కి కలిపేయండి.