తాతయ్య ఎడమ చెవి

మెల్‌బోర్న్‌లో తెలుగు సినిమాకి వెళితే హాల్లో అందరికంటే ముందు నవ్వేది మావాడే. తెర మీది మనిషి మాట పూర్తి చేసేలోపే కింద ఇంగ్లీషులో మొత్తం పడిపోతుంది. వీడు అది చదివేసి నవ్వేస్తాడు. హాలు నవ్వే సమయానికి వీడి చెయ్యి మళ్ళీ పాప్‌కార్న్ డబ్బాలో ఉంటుంది. పదకొండేళ్ళవాడు, అక్కడే పుట్టాడు. ఒకసారి ఇంటికొచ్చాక హీరో చొక్కా ఏ రంగురా అని అడిగితే చెప్పలేకపోయాడు. అంతసేపూ తెర కింది అంచునే చూసి వచ్చాడన్నమాట.

2024 డిసెంబరులో అక్కడ బడులకు వేసవి సెలవులివ్వగానే (అవును, అక్కడ డిసెంబరే ఎండాకాలం) పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని సింగపూర్ మీదుగా విశాఖలో దిగాను. మా ఆయనకి సెలవు దొరకలేదు. సంక్రాంతికి వస్తానన్నాడు, రాలేదు. ఆ పేరుతోనే సినిమా వచ్చింది గాని ఆయన రాలేదని అమ్మ ఇప్పటికీ అంటూనే ఉంది.

ఆ నెల రోజుల్లో హాలుకెళ్ళి మూడు సినిమాలు చూశాం. విశాఖలో తెర కింద ఇంగ్లీషు అక్షరాలు ఉండవన్న సంగతి నాకు గుర్తే లేదు. పుట్టినప్పట్నుంచీ చూసిన హాళ్ళే, ఎవరికి కావాలక్కడ ఇంగ్లీషు? మొదటి సినిమాలో పది నిమిషాలు గడిచాక మావాడు నా మోచెయ్యి గిల్లాడు. "అమ్మా, కింద ఏమీ రావట్లేదు."

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. ఆయనకి డెబ్బై నాలుగు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. కుడి చెవి దాదాపు పోయింది, ఎడమ చెవిలో కాస్త వినికిడి మిగిలింది. చెవి మిషన్ కొన్నాం. అది బీరువాలో, కొన్న డబ్బాలోనే భద్రంగా ఉంది. హాల్లో అది పెట్టుకుంటే బాక్సుల మోత బుర్రలో మోగుతుందట, మాట మాత్రం అప్పుడూ తెలియదట. "బాదుడు వినిపిస్తుందే, మాటే వినిపించదు" అంటారు. అయినా సినిమా మానరు.

ఆ మొదటి సినిమా 'పుష్ప 2'. నిజానికి దానికి పిల్లాణ్ణి తీసుకెళ్ళాలా వద్దా అని నాకు రెండు మనసులు. అమ్మకైతే ఒకటే మనసు, వద్దని. డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్‌లో ప్రీమియర్ షో దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, బిడ్డ ఆసుపత్రి పాలయ్యాడు. మేం దిగేటప్పటికి ఇంకా టీవీల్లో అదే. "పిల్లల్ని చంకనేసుకుని సినిమాలకెళ్ళకపోతే ఏం?" అంది. మూడు వారాలు దాటిందమ్మా, జనం పలచబడ్డారమ్మా అని నచ్చజెప్పి, ఏడేళ్ళ చిన్నదాన్ని ఆవిడ దగ్గరే వదిలి, నేనూ నాన్నా మావాడూ మధ్యాహ్నం ఆటకి వెళ్ళాం.

వయసు సంగతి కూడా ఉంది. ఆస్ట్రేలియాలో 'ఎంఏ 15+' అని ముద్ర పడితే పదిహేనేళ్ళలోపు పిల్లలు పెద్దవాళ్ళు పక్కన లేకుండా లోపలికి వెళ్ళడానికి చట్టం ఒప్పుకోదు. మనదగ్గర కూడా యూఏ సర్టిఫికెట్‌ను ఆ ఏడాదే 7, 13, 16 ఏళ్ళని మూడుగా విడదీశారు. కాగితం మీద బాగానే ఉంది. గేటు దగ్గర టికెట్ చింపే అబ్బాయి వీడి వయసు అడగలేదు, నేనూ చెప్పలేదు. నరుకుళ్ళు వచ్చిన చోటల్లా వీడి కళ్ళు మూశాను. వేళ్ళ సందుల్లోంచి చూశాడనుకోండి. తీసుకెళ్ళడం సరైన పనేనని ఇప్పటికీ అనలేను.

జగదాంబ జంక్షన్‌లో ఆటో దిగగానే నాన్న వాడికి చూపించారు. జగదాంబ, శారద, రమాదేవి, మూడూ ఒక్క ఆవరణలోనే. ఈ జంక్షన్‌కి పేరు ఆ హాలు వల్లే వచ్చిందని చెబితే వాడు నమ్మలేదు. పాత ఊళ్ళో పూర్ణా మార్కెట్‌కి కూడా పూర్ణా థియేటర్ పేరే అంటే "అంటే రాజుల పేర్లు పెట్టరా ఇక్కడ?" అన్నాడు. నాన్న కాసేపు ఆలోచించి, మహారాణిపేట ఉందిలే అన్నారు.

నాన్న ఎడమ పక్క వాడు, వాడి పక్కన నేను. సినిమాలో ఎవరో ఏదో అన్నారు, హాలంతా ఈలలు. నాన్న వాడి వైపు వంగి "ఏమన్నాడ్రా?" అన్నారు. వీడికేం తెలుసు? కానీ చెవులు బాగానే ఉన్నాయి కదా. విన్న శబ్దాన్ని విన్నట్టే, చిలకలాగా ఆయన చెవిలో ఒప్పజెప్పాడు. వీడి నోట్లో 'ళ' పలకదు, ఒత్తులు నిలవవు, 'నీళ్ళు' వీడికి 'నీలు'. అయినా నాన్నకి అందింది. పకపకా నవ్వి, అప్పుడు ఆయన వాడి చెవిలో దాని అర్థం చెప్పారు. అప్పుడు వాడు నవ్వాడు. హాలు నవ్వడం ఎప్పుడో అయిపోయింది. ఈ ఇద్దరూ అందరికీ వెనకాల, తీరిగ్గా, విడిగా నవ్వుకున్నారు.

ఆ తర్వాత ఇక మూడు గంటల ఇరవై నిమిషాలూ అదే తంతు. వినపడని ఆయనకి అర్థం కాని వాడు వినిపిస్తాడు, అర్థం కాని వాడికి వినపడని ఆయన అర్థం చెబుతాడు. పక్క సీటాయన మొదట్లో విసుక్కున్నాడు. తర్వాత ఒకసారి తనే "పెద్దాయనకి అదొదిలేశావు, అది కూడా చెప్పు బాబూ" అన్నాడు.

ఒకచోట మాత్రం వాడు నన్నడిగాడు, 'యాడ' అంటే ఏంటని. ఎక్కడ అని అర్థం, చిత్తూరు వైపు మాట అన్నాను. నేను ఎప్పుడూ అలా అనలేదేం అన్నాడు. వాడి దృష్టిలో తెలుగంటే అమ్మ మాట్లాడేది. ఇంకా నిక్కచ్చిగా చెప్పాలంటే, అమ్మ కోపంలో మాట్లాడేది. ఈ మాట వాడే ఒకసారి ఆదివారం తెలుగు బడిలో టీచరుగారితో చెప్పాడు: "మా అమ్మ మామూలుగా ఉంటే ఇంగ్లీషు, కోపమొస్తే తెలుగు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కారెక్కాక నవ్వు రాలేదు.

ఆ ఆదివారం బడి పుణ్యమా అని వాడికి అక్షరాలొచ్చు. అర్థం తెలియకపోయినా కూడబలుక్కుని చదువుతాడు. తెర మీద ఎవరైనా పొగ తాగితే కింద హెచ్చరిక వెయ్యాలని 2012 నుంచి నిబంధన ఉంది కదా. ఈ సినిమాలో హీరో బీడీ నోట్లోంచి తీసేది తక్కువ. కింద అక్షరాల కోసం మొహం వాచి ఉన్న మావాడికి అదే పండగైంది. మొదటిసారి "ఆ... రో... గ్యా..." అనేసరికే అది మాయమైంది. ఇంటర్వెల్ నాటికి 'ఆరోగ్యానికి' దాకా వచ్చాడు. సినిమా అయ్యేసరికి "ఆరోగ్యానికి హానికరం" గుక్కతిప్పుకోకుండా చదివాడు. నేను మూడేళ్ళు ఫీజు కట్టినా రాని ధారాళం అది. హానికరం అంటే ఏంటని తాతయ్యనడిగాడు. "మీ అమ్మమ్మ చేసే జంతికలు నాకు" అన్నారు.

జాతర ఘట్టంలో హీరో చీర కట్టుకుని, గాజులేసుకుని, ఒంటికి నీలం పూసుకుని వస్తాడు. వాడు అడుగుతాడని నాకు తెలుసు. దానికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఎవరికి నచ్చిన బట్టలు వాళ్ళు వేసుకోవచ్చు, నవ్వకూడదు అని వాళ్ళ బడిలో చెప్పే పద్ధతిలోనే ఒక చిన్న ఉపన్యాసం. కానీ వాడు నన్నడగలేదు, ఆటోలో తాతయ్యనడిగాడు. నాన్న 80ల్లో మూడేళ్ళు తిరుపతి బ్రాంచిలో చేశారు. తాతయ్యగుంట గంగమ్మ జాతర, వేంకటేశ్వరస్వామికి చెల్లెలని చెప్పుకునే అమ్మవారు. వెనకటికి ఒక పాలెగాడు ఊళ్ళో ఆడవాళ్ళని బతకనివ్వకపోతే, గంగమ్మ వాణ్ణి చంపడానికి బయల్దేరిందట. వాడు భయపడి దాక్కున్నాడు. ఆవిడ రోజుకో వేషం వేసుకుని వెతికింది, దొర వేషంలో పట్టుకుంది. అందుకని జాతర రోజుల్లో జనం వేషాలు కడతారు, మగవాళ్ళు చీరలు కట్టి మొక్కు తీర్చుకుంటారు. "మా పక్కింటాయన పోస్టాఫీసులో గుమస్తా. పెద్ద మీసం. ఆ రోజు వాళ్ళావిడ పట్టుచీర కట్టి, మీసం తీయకుండానే, మా ఇంటికొచ్చి మజ్జిగ తాగి వెళ్ళాడు" అన్నారు నాన్న.

మావాడు కాసేపు బీచ్ రోడ్డు కేసి చూసి, "అంటే గంగమ్మ అండర్‌కవర్ పోలీసన్నమాట" అన్నాడు.

నా ఉపన్యాసం నా దగ్గరే ఉండిపోయింది. ఇంటికెళ్ళాక అమ్మ ఊరుకుంటుందా? తిరుపతి వాళ్ళకేనా జాతరలు అని మొదలెట్టి, అనకాపల్లి నూకాలమ్మ దగ్గర్నుంచి విజయనగరం పైడితల్లి దాకా వెళ్ళింది. దసరా తర్వాత మంగళవారం నాడు ఆకాశంలోకి లేచే పొడవాటి మాను, దాని చివర పూజారి కూర్చుని ఊరేగడం. మావాడు సీటుబెల్టు ఉంటుందా అని అడిగాడు.

రెండో సినిమా 'గేమ్ ఛేంజర్'. విశాఖ కలెక్టర్ కథ అని నాన్న సరదా పడ్డారు. నాకు ఇంటర్వెల్ సమోసా బాగా నచ్చింది. మా చిన్నదానికి కూడా అంతే. మెల్‌బోర్న్‌లో ఇంటర్వెల్ అన్న అక్షరాలు పడి, రెప్పపాటులో మళ్ళీ సినిమా మొదలైపోతుంది. ఇక్కడ నిజంగా లైట్లు వేసి, తలుపులు తీసి, పదిహేను నిమిషాలు మనల్ని మనుషుల్లా బయట తిరగనిస్తారని దానికి అదే మొదటిసారి తెలియడం.

మూడోది 'సంక్రాంతికి వస్తున్నాం'. పండగ రోజునే, జనవరి 14న వచ్చింది. కనుమ నాడు ఊరు దాటకూడదంటారు, సినిమా హాలు ఊళ్ళోనే కదా అని వాదించాను గాని అమ్మ ఒప్పుకోలేదు. ముక్కనుమ నాడు వెళ్ళాం, ఈసారి అమ్మ కూడా. హాలు నిండా పట్టుచీరలు, చంటిపిల్లలు, పులిహోర వాసన. ఎవరో స్టీలు డబ్బా లోపలికి తెచ్చేశారు.

ఆ సినిమాలో ఓటీటీలు చూసి చెడిపోయిన ఒక బుడ్డోడు ఉంటాడు. వాళ్ళ నాన్నని ఎవరైనా ఏమన్నా అంటే చాలు, పెద్దా చిన్నా లేకుండా తిట్లు లంకించుకుంటాడు. వాడు మొదటిసారి నోరు తెరవగానే హాలు గొల్లుమంది. నాన్న మామూలుగానే వంగారు. "ఏమన్నాడ్రా?"

మావాడు, పాపం, అప్పటికి ఈ పనిలో ఆరితేరాడు. విన్నది విన్నట్టు, ఈసారి ఒత్తులతో సహా, ఒప్పజెప్పాడు. హాలు గోలగా ఉందని గట్టిగా చెప్పాడు. సరిగ్గా ఆ క్షణానికి గోల ఆగింది.

ముందు రెండు వరుసల తలలు తిరిగాయి. "ఓలమ్మో" అని ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అమ్మ నా వైపు చూసిన చూపులో, ఇన్నేళ్ళుగా విదేశంలో నువ్వు పిల్లలకి నేర్పింది ఇదా అన్న ప్రశ్న స్పష్టంగా ఉంది. నాన్న మాత్రం నవ్వు ఆపుకోవడానికి కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. వాడు అర్థం కోసం ఆయన మొహంలోకి చూస్తున్నాడు, ఒప్పందం ప్రకారం.

"దీనికి మాత్రం మీ అమ్మనడుగు" అన్నారు.

నేను చెప్పలేదు. ఇక్కడా రాయను. మూడు రోజుల పాటు నన్ను అడుగుతూనే ఉన్నాడు. చివరికి పాలవాడినడుగుతానని బెదిరించేసరికి, అది చెడ్డ మాట అని ఒప్పుకున్నాను. ఏ రకం చెడ్డ, ఇంగ్లీషులో దేనికి సమానం అన్నాడు. నిజంగానే కాసేపు ఆలోచించాను. దేనికీ సమానం కాదు. ఇంగ్లీషులో అంటే వట్టి బూతు, మనదాంట్లో అయితే ఒక్కోసారి ముద్దు కూడా. ఇది వాడికెలా చెప్పను? కింద అక్షరాల్లో దీనికేం వేశారో చూడాలని మాత్రం నాకూ మహా కుతూహలంగా ఉంది.

ఆ సినిమాలో చివరి అరగంటలో వాడు ఒకచోట హాలుతో పాటే నవ్వాడు. ముందూ కాదు, వెనకా కాదు. నేను చూశాను. నాన్నకి చెప్పడం మరిచిపోయి నవ్వాడు కాబట్టి, ఆయన మోచేత్తో పొడిచి అడిగారు.

జనవరి చివర్లో తిరిగొచ్చేశాం. ఫిబ్రవరి 7న 'తండేల్' వచ్చింది. శ్రీకాకుళం వైపు నుంచి గుజరాత్‌కి వేటకెళ్ళి, 2018లో పాకిస్తాన్ వాళ్ళకి చిక్కి, ఏడాదికి పైగా అక్కడి జైల్లో ఉన్న మత్స్యకారుల కథ ఆధారంగా తీసింది. మేం మెల్‌బోర్న్‌లో చూశాం, కింది అక్షరాలతో. నాన్న విశాఖలో ఒక్కరే వెళ్ళి చూసొచ్చారు.

ఆ ఆదివారం ఫోన్ చేశారు. మాకు మధ్యాహ్నం, వాళ్ళకి టిఫిన్ల వేళ. వీడియోలో మొదట కనిపించింది ఆయన మొహం కాదు, తెలుగు క్యాలెండరులో చింపిన జనవరి కాగితం. వెనకవైపు పెన్నుతో వరుసగా నంబర్లు వేసి రాసుకున్నారు. పడవలో గొడవ దగ్గర. రైలు స్టేషన్ దగ్గర. జైల్లో ఆ పెద్దాయనతో. మొత్తం పదకొండు.

"వాణ్ణి పిలు" అన్నారు.

వాడు వచ్చి కూర్చున్నాడు. నాన్న ఒకటో నంబరు చదివి, ఫోన్‌ని ఎడమ చెవికి ఆనించుకున్నారు. మాకు తెర నిండా చెవి. "అక్కడ ఏమన్నాడ్రా?"

వాడికి గుర్తుంది, కింద చదివాడు కదా. గడగడా చెప్పేశాడు.

చెవి కదల్లేదు. "ఇంగ్లీషు నాకు వినపడదురా" అన్నారు నాన్న.