ఏ డోరు తీస్తే ఆ కాళ్ల దగ్గరే వెలుగు

పోయిన దసరాకు ఊరెళ్లినప్పుడు మొదలైంది ఈ పని. హైదరాబాద్ నుంచి సూర్యాపేట దాకా హైవేనే, అక్కడి నుంచి మా ఊరికి మాత్రం చీకటి దారి. ఇంటి ముందు కారు ఆపేసరికి రాత్రి పదకొండు దాటింది. వెనక సీట్లో పాప వాళ్ల నానమ్మ ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోతోంది. అమ్మ ఎడమ డోరు తీసి, కాలితో కింద తడుముతూ "చెప్పు ఏడ పడ్డదో కానొస్తలేదు బిడ్డా" అంది. రూఫ్ లైటు వేశాను. వెలుగంతా పాప మొహం మీద పడింది, లేచి ఒకటే ఏడుపు. అంత చేసినా అమ్మ కాళ్ల దగ్గర చీకటి చీకటిగానే ఉంది. ముందు సీటు నీడ సరిగ్గా అక్కడే పడుతుంది. చివరికి ఒక కాలికి చెప్పుతో, రెండో కాలు ఒట్టిదే కంకర మీద పెట్టి దిగింది. డెబ్బై రెండేళ్ల మనిషి, పైగా మోకాళ్ల నొప్పులు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

తిరిగొచ్చాక రెండు మూడు యాక్సెసరీస్ షాపుల్లో అడిగాను. అందరి దగ్గరా ఒకటే రకం కిట్టు: నాలుగు ఎల్‌ఈడీ ముక్కలు, సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే ప్లగ్గు, రంగులు మార్చే రిమోటు. నాలుగూ కలిసే వెలుగుతాయి, కలిసే ఆరిపోతాయి. నాకు కావలసింది అది కాదు. అమ్మ డోరు తీస్తే అమ్మ కాళ్ల దగ్గర మాత్రమే వెలగాలి. రూఫ్ లైటు ఆఫ్‌లో ఉన్నా అది వెలగాలి. అలాంటిది ఎవరూ అమ్మరు కాబట్టి మనమే చేసుకుందాం అనుకున్నాను. మాది 2008 మోడల్ చిన్న కారు, వారంటీ ఎప్పుడో అయిపోయింది. మల్టీమీటర్ వాడటం, సోల్డరింగ్ చేయడం వచ్చు. ఈ పనికి ఆ రెండూ చాలు.

డోరు మూసినప్పుడు ఆనుకునే పిల్లర్ మీద రబ్బరు తొడుగున్న చిన్న బుడిపె ఉంటుంది కదా, అదే డోర్ స్విచ్. ఒక్క స్క్రూతో నిలబడుతుంది. దానికి వచ్చేది ఒకే ఒక్క వైరు. రెండో వైరు ఎక్కడా అని మొదట వెతికాను. లేదు. ఆ స్క్రూనే రెండో వైరు. అది కారు బాడీకి తగిలి ఎర్తు, అంటే బ్యాటరీ మైనస్, అవుతుంది. రూఫ్ లైటుకు ప్లస్ ఎప్పుడూ ఉంటుంది. డోరు తీయగానే బుడిపె బయటికొచ్చి, లోపలి రేకు తగిలి, మైనస్ అందుతుంది. అంతే దాని పని.

ఇది తెలిశాక పని సులువే అనిపించింది. ఎల్‌ఈడీ ప్లస్‌ను ఫ్యూజ్ బాక్సు నుంచి తెచ్చాను, మైనస్‌ను డోర్ స్విచ్ వైరుకు కలిపాను. ముందు రెండు డోర్లకు ఇలా చేసి, సాయంత్రం చీకటి పడ్డాక డ్రైవర్ డోరు తీసి చూశాను. రెండు వైపులా వెలిగాయి. ఎడమ డోరు తీస్తే మళ్లీ రెండూ. రూఫ్ లైటు ఆఫ్ చేశాను, అయినా రెండూ. ఎక్కడో వైర్లు మార్చి కలిపానేమో అని విప్పి మళ్లీ కలిపాను. అదే వరస.

మర్నాడు పొద్దున కూర్చుని మీటరుతో చూశాను. అసలు మొదటే చేయాల్సిన పని అది. అన్ని డోర్లూ మూసి ఉంటే స్విచ్ వైరు మీద 12.4 వోల్టులు. ఆ డోరు తీస్తే సున్నా. సరే. కానీ డ్రైవర్ డోరు తీసి, వెనక డోరు స్విచ్ వైరు చూస్తే అక్కడా సున్నానే. నాలుగు స్విచ్‌లూ ఒకే వైరుకు కట్టి ఉన్నాయి. రూఫ్ లైటుకు ఏ డోరు తెరుచుకుందో అక్కర్లేదు, ఏదో ఒకటి తెరుచుకుంటే చాలు. అందుకని కారు చేసినవాళ్లు నాలుగింటినీ కలిపి ఒక్క వైరుతో పైకి పంపారు. ఏ స్విచ్ నొక్కుడు వదిలినా ఆ వైరంతా ఎర్తు అయిపోతుంది, దానితో పాటు నా ఎల్‌ఈడీలన్నీ.

దీనికి మందు డయోడు. బావి మోటారు పైపుకు ఫుట్‌వాల్వు ఉంటుంది చూడండి, నీళ్లు పైకే రావాలి, వెనక్కి జారకూడదు. డయోడు కరెంటుకు ఫుట్‌వాల్వు లాంటిది. ప్రతి స్విచ్ దగ్గరా వైరు తెంపి, మధ్యలో ఒక డయోడు పెట్టాలి. దాని ఒంటి మీద ఒక చివర తెల్ల గీత ఉంటుంది. ఆ గీత స్విచ్ వైపు ఉండాలి. ఎల్‌ఈడీ మైనస్ వైరు ఆ గీతకూ స్విచ్‌కూ మధ్యలో కలవాలి. అప్పుడు రూఫ్ లైటు కరెంటు డయోడు దాటి స్విచ్‌లోకి దిగుతుంది, రూఫ్ లైటు ఎప్పటిలాగే పనిచేస్తుంది. ఆ డోరు ఎల్‌ఈడీ కరెంటు కూడా అదే స్విచ్‌లోకి పోతుంది. పక్క డోరు ఎల్‌ఈడీ కరెంటు మాత్రం తన డయోడు దగ్గరే ఆగిపోతుంది, ఉమ్మడి వైరులోకి వెనక్కి రాలేదు. నాలుగు డోర్లు, నాలుగు డయోడ్లు.

ఆదివారం కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లాను. ఎలక్ట్రానిక్స్ సామాను కోసం ఏళ్లుగా వెళ్తున్న చోటే. 1ఎన్4007 రకం డయోడ్లు ఇమ్మంటే కౌంటర్ మీద కుర్రాడు "దేనికన్నా?" అని అడిగాడు. కారు రూఫ్ లైటు దారిలో అని చెప్పాను. "బల్బు ఎన్ని వాట్లు?" పది అన్నాను. పది వాట్లంటే 12 వోల్టుల దగ్గర దాదాపు 0.8 ఆంపియర్. 4007 మోసేది ఒక్క ఆంపియరే. "అంచు మీద ఎందుకన్నా, 5408 తీసుకో, మూడు ఆంపియర్లది" అని అదే చేతిలో పెట్టాడు. ఆ అబ్బాయి మాట విన్నందుకు ఇప్పటికీ సంతోషంగా ఉంది.

వెనక ఎడమ డోరు, అంటే అమ్మ డోరు, అన్నిటికంటే ఎక్కువ సతాయించింది. స్క్రూ విప్పి స్విచ్ బయటికి లాగి, వైరు ఊడదీశాను. మరుక్షణం వైరు పిల్లర్ లోపలికి జారిపోయింది. టార్చి వేసి చూస్తే చిటికెన వేలంత లోతులో కనిపిస్తోంది, చేతికి మాత్రం అందదు. ఇంట్లోంచి కొబ్బరి ఈనె తెచ్చి, కొన వంచి, కొక్కెంలా చేసి, ఇరవై నిమిషాలు కష్టపడితే బయటికొచ్చింది. మిగతా మూడింటికి స్విచ్ విప్పగానే వైరును టేపుతో బాడీకి అంటించి, ఆ తర్వాతే ఊడదీశాను. ఈ పని చేసేవాళ్లు ఎవరైనా ముందు ఆ టేపు ముక్క చింపి పక్కన పెట్టుకోండి.

ఆ స్విచ్‌దే ఇంకో సంగతి. స్క్రూ తల చుట్టూ ఎర్రటి తుప్పు, లోపలి రేకు మీద నల్లటి పొర. మీటరు పెడితే నొక్కు వదిలినప్పుడు సున్నా ఓమ్స్‌కు దగ్గరగా రావాలి. నలభై చూపించింది, వేలితో కదిపితే అంకె అటూ ఇటూ గంతులేస్తోంది. ఇన్నాళ్లూ ఆ డోరు తీసినప్పుడు రూఫ్ లైటు గుడ్డిగా వెలగడం చూస్తూనే ఉన్నాను, బల్బు పాతబడిందనుకున్నాను. సన్న ఉప్పు కాగితంతో రేకునూ, స్క్రూ కూర్చునే చోటునూ మెరిసేదాకా రుద్ది, కొంచెం పెట్రోలియం జెల్లీ రాసి బిగించాను. అంకె సున్నాకు వచ్చి నిలబడింది.

ఎల్‌ఈడీ పట్టీని ప్రతి డోరుకూ పది సెంటీమీటర్లు కత్తిరించాను. రంగు పసుపు కలిసిన తెలుపు. నీలం చూడటానికి బాగుంటుందేమో గానీ, నల్ల చెప్పును నల్ల మ్యాటు మీద వెతకడానికి పనికిరాదు. ఇంజన్ ఆన్‌లో ఉంటే వోల్టేజి 14.2 దాకా వెళ్లి పట్టీ వేడెక్కుతోంది, అందుకని ఒక్కో దాని వైరులో కరెంటును కాస్త తగ్గించే 22 ఓమ్స్, ఒక వాట్ రెసిస్టర్ వరసగా పెట్టాను. వెలుగు కూడా కాస్త మెత్తబడింది. వెనకవాళ్ల కోసం పట్టీలను ముందు సీట్ల వెనక అంచు కింద, వెలుగు నేల వైపే పడేలా అంటించాను. సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది కాబట్టి అక్కడ వైరు వదులుగా వదలాలి. ఎయిర్‌బ్యాగులున్న కార్లలో సీటు కింద పసుపు కనెక్టర్లు ఉంటే వాటి జోలికి వెళ్లకండి. ప్లస్ మాత్రం రూఫ్ లైటు ఫ్యూజు దగ్గరే ఫ్యూజ్ ట్యాప్ (ఉన్న ఫ్యూజు చోటు నుంచే ఇంకో వైరు తీసుకునే ముక్క) పెట్టి తీసుకున్నాను. లైట్ల కోసం వేరే 2 ఆంపియర్ ఫ్యూజు, బూడిద రంగుది. ఎక్కడైనా వైరు ఒరుసుకుపోతే అది ఒక్కటే పోవాలి.

అంతా అయిందనుకున్న రోజు రాత్రి ఇంకో తప్పు దొరికింది. ఈ కారుకు ఎప్పుడో బయట పెట్టించిన అలారం ఉంది. ఏ డోరైనా సరిగ్గా పడకపోతే లాక్ చేసినప్పుడు మూడుసార్లు కూస్తుంది. ఆ రాత్రి వెనక డోరు సగమే పడి ఉంది, అయినా చప్పుడు లేకుండా లాక్ అయిపోయింది. గుండె జారింది. నేను పెట్టిన డయోడే అలారాన్ని గుడ్డిదాన్ని చేసిందని అర్థమైంది. అలారం పెట్టినవాళ్లు తమ వైరును డ్రైవర్ డోరు స్విచ్ పక్కనే అతికించారు. నేను డయోడును ఆ అతుకు దాటాక పెట్టాను. దాంతో అలారానికి డ్రైవర్ డోరు ఒక్కటే కనిపిస్తోంది, మిగతా మూడూ లేనట్టే. మర్నాడు డయోడు విప్పి, అతుకుకూ స్విచ్‌కూ మధ్యకు మార్చాను. ఒక్కో డోరూ సగం తెరిచి పెట్టి, నాలుగు సార్లు లాక్ చేసి, నాలుగు సార్లూ కూత విన్నాకే సైడ్ బీడింగులు బిగించాను.

పక్కింటాయన తన కొత్త కారుకు కూడా చేసిపెట్టమన్నాడు. చేయనన్నాను. అలాంటి కొత్త కార్లలో చాలావాటికి స్విచ్ డోరు లాక్ లోపలే ఉంటుంది, ఒక్కో డోరు వైరూ విడిగా లైట్లూ లాకులూ నడిపే కంట్రోల్ యూనిట్‌కు వెళ్తుంది. ఆ వైర్ల మీద నడిచేది చాలా చిన్న కరెంటు. దానికి మన లైటు నేరుగా తగిలిస్తే యూనిట్టే పోవచ్చు. ఆ బాధ్యత నేను తీసుకోలేను.

సంక్రాంతికి మళ్లీ ఊరెళ్లాం. ఈసారి కూడా రాత్రే చేరాం, పాప మళ్లీ నిద్రలోనే ఉంది. రూఫ్ లైటు మీట ముందే ఆఫ్‌లో పెట్టాను. అమ్మ డోరు తీసింది. సీటు కింద పట్టీ వెలిగింది. మ్యాటు మీద ఒక చెప్పు తిరగబడి, రెండోది పక్కన, నేను అద్దంలోంచి కూడా చూడగలిగాను. అమ్మ వంగి, తిరగబడ్డ దాన్ని చేత్తో సరిచేసి, రెండు కాళ్లకూ వేసుకుని, డోరు పట్టుకుని నిదానంగా దిగింది. దిగాక డోరు చప్పుడు కాకుండా దగ్గరికి వేస్తుంటే వెలుగు ఆరింది. మళ్లీ కొంచెం తీసింది, వెలిగింది. మళ్లీ వేసింది. "ఇది నువ్వే పెట్టినవా?" అని మెల్లగా అడిగింది, పాప లేస్తుందని.